చుట్టాల ప్రశ్న

మా డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన చేసే ప్రతివాళ్ళూ ఏడాదికోసారి సెమినార్ హాల్లో నిలబడి, ఆ ఏడాదంతా ఏం వెలగబెట్టారో చెప్పుకోవాలి. ఇరవై నిమిషాలు మన మాట, పది నిమిషాలు వాళ్ళ ప్రశ్నలు. మొదటి ఇరవై గురించి ఎవరూ దిగులు పడరు. గుండెలు పీచుపీచుమనేది ఆ పది నిమిషాల గురించే. అందుకని మాకంటే ముందువాళ్ళెవరో ఒక ఉపాయం కనిపెట్టి పోయారు. ముందురోజే మనకి కావలసినవాళ్ళకి ఒక తేలిక ప్రశ్న చీటీ మీద రాసిచ్చి, మర్నాడు వాళ్ళని వెనక వరసలో కూర్చోబెడతాం. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అనగానే వాళ్ళు చెయ్యెత్తుతారు. మనం అప్పుడే విన్నట్టు మొహం పెట్టి, కాసేపు ఆలోచించి, నాలుగు నిమిషాలు సాగదీసి జవాబు చెబుతాం. పదిలో నాలుగు పోతే ఆరు. దీన్ని మేం చుట్టాల ప్రశ్న అంటాం. ప్రొఫెసర్లకి ఈ సంగతి తెలియక కాదు. వాళ్ళూ ఒకప్పుడు అడిగించుకున్నవాళ్ళే కాబట్టి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు.

ఆ ఎండాకాలం మా అక్క సెమినార్‌లో చుట్టాల ప్రశ్న అడగాల్సింది నేను.

అక్కకీ నాకూ పన్నెండేళ్ళ తేడా. చిన్నప్పుడు నాకు జడలు వేసింది, ఎక్కాలు నేర్పింది, అమ్మకి తెలియకుండా నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలు పెట్టింది. పెళ్ళయి కూతురు కాస్త పెద్దదయ్యాక, ముప్పై ఆరో ఏట "నేనూ చదువుతాను" అని లేచింది. రెండేళ్ళ తర్వాత నేనూ అదే డిపార్ట్‌మెంట్‌లో, అదే గైడు దగ్గర చేరి, వాళ్ళింట్లోనే మకాం పెట్టాను. పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. అక్క దారిపొడుగునా కూరలు తరిగే సంగతీ, మొలకల లెక్కలూ ఒకే గొంతుతో మాట్లాడేది.

తను పనిచేసేది ఒక అడవి చెట్టు గింజల మీద. ఆ గింజలు మహా మొండివి, ఓ పట్టాన మొలకెత్తవు. అడవి తగలబడి చల్లారాక మాత్రం గుంపులు గుంపులుగా మొలుస్తాయి. ఆ మొలిపించేది పొగలో ఉన్న పదార్థమేనని అక్క అనుమానం. ఆకులు కాల్చి, ఆ పొగని నీళ్ళలోకి పట్టి, ఆ నీళ్ళలో గింజలు నానబెట్టేది. రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ బూజు పట్టి పోయాయి. మూడోసారి తప్పడానికి వీల్లేదు. ఐదేళ్ళ గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. సెమినార్ విన్న కమిటీ పని ముందుకు సాగిందని నమ్మితే ఇంకో ఏడాది ఇస్తుంది. నమ్మకపోతే పేరు కొట్టేస్తుంది. నలభై ఒకటో ఏట పేరు కొట్టేస్తే మళ్ళీ మొదలుపెట్టడం ఉండదు.

"పొగ సంగతి నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా," అనేవాడు బావ. "ఎవణ్ణైనా బయటికి పంపాలంటే పొగ పెట్టడమే. మనిషైనా గింజైనా ఒకటే. దీనికి ఐదేళ్ళా?"

బావ సిటీ బస్సు డ్రైవరు. పదహారేళ్ళ సర్వీసులో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి, ఆ ఎండల్లో ఆగి ఉన్న బస్సు మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. "కదిలే బస్సులోంచి పడితే పేపర్లోనైనా వేసేవాళ్ళు. ఆగిన బస్సులోంచి పడ్డానని ఎవరితో చెప్పుకోను?" అని ఆసుపత్రి మంచం మీద కూడా అందర్నీ నవ్వించాడు. అక్క ఇరవై రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా ఆ వారమే గింజలు పెట్టాలి.

"ఇప్పుడు పెట్టకపోతే సెమినార్‌కి అందవే," అంది వంటింట్లో, బావ మందుల చీటీ చేత్తో పట్టుకుని. "నువ్వు పెట్టగలవా?"

"నాకొదిలెయ్యి."

"అరవై డిష్‌లు. ముప్పై పొగనీళ్ళవి, ముప్పై మంచినీళ్ళవి. రెండూ ఛాంబర్‌లో కలిపి పెట్టు. పై అరలోనూ ఉండాలి, కింది అరలోనూ ఉండాలి. రోజూ లెక్కపెట్టాక చోట్లు మార్చు. వింటున్నావా?"

"వింటున్నానక్కా."

"ఏం చెప్పాను?"

"కలిపి పెట్టమన్నావు, రోజూ మార్చమన్నావు. నేను నీ కూతుర్ని కాదు, మూడో ఏడు స్కాలర్ని."

"కూతురైతే ఇంత భయపడను," అంది నవ్వుతూ. "అది చెప్పినట్టు వింటుంది."

మొదటిరోజు చెప్పినట్టే చేశాను. గ్రోత్ ఛాంబర్ అంటే పెద్ద ఫ్రిజ్ లాంటి అలమారా. చల్లబరచడం బదులు ఒకే వెచ్చదనాన్నీ, వెలుతురునీ నిలబెడుతుంది. అందులో రెండు అరలు. డిష్‌లంటే గింజలు పరిచే చిన్న గాజు పళ్ళేలు. పొగనీళ్ళ డిష్‌లకి ఎర్ర చీటీలు, మంచినీళ్ళ వాటికి తెల్ల చీటీలు అంటించి, కలగలిపి పెట్టాను. రెండోరోజు లెక్కపెట్టేసరికి గంటన్నర పట్టింది. ఎర్రదెక్కడుందో, తెల్లదెక్కడుందో వెతుక్కోవడంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. నా అధ్యాయం ఒకటి గైడుకి ఇవ్వాల్సిన గడువు పీకల మీద ఉంది. మూడోరోజు ఎర్రవన్నీ పైన, తెల్లవన్నీ కింద సర్దేశాను. ఇరవై నిమిషాల్లో లెక్క తేలిపోయింది. రేపు మళ్ళీ కలుపుదాంలే అనుకున్నాను. పద్నాలుగో రోజు దాకా అలాగే అనుకుంటూ వచ్చాను.

ఛాంబర్ కప్పులో దీపాల తాలూకు చోక్‌లు ఉంటాయి. ఎండాకాలంలో వాటి వేడికి పై అర రెండు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. ఇది తెలియని స్కాలరు మా దగ్గర లేరు. నాకైతే ఇంకా బాగా తెలుసు, నా మొదటి ఏడాది పని మొత్తం ఆ రెండు డిగ్రీలకే కొట్టుకుపోయింది.

పదోరోజు తలుపు తీసేసరికి పై అర నిండా పచ్చగా మొలకలు. కింద అక్కడొకటి, ఇక్కడొకటి. ముచ్చటేసి ఫోటో తీసి అక్కకి పంపాను. సాయంత్రం ఇంటికి వెళితే మంచం మీంచే బావ కేకేశాడు.

"ఏం పంపావమ్మాయ్? మీ అక్క ఫోను పట్టుకుని వంటింట్లో ఏడుస్తోంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు."

అక్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా తల నిమిరింది. ఆ నిమురుడు నాకు దక్కాల్సింది కాదు.

సెమినార్ రోజు బావ కూడా వస్తానని పట్టుబట్టాడు. చంకలో కర్రలతో మూడంతస్తులు ఎక్కి, హాల్లో వెనక వరసలో నా పక్కన కూర్చున్నాడు. ముందు వరసలో కమిటీ. మా హెడ్డు, మా గైడు, బయటినుంచి వచ్చిన నిపుణుడు. మా గైడుని అందరం కామాల మేడమ్ అంటాం. రాసిచ్చిన పేజీలో విషయం కంటే ముందు కామాలు దిద్దుతుంది. నిపుణుడు ఒక పెద్ద పరిశోధనా సంస్థలో పెద్ద మనిషి. ఆయన దగ్గర ఒక పోస్టు ఖాళీ ఉందనీ, సెమినార్లకి వచ్చేది మనుషుల్ని చూసుకోవడానికేననీ డిపార్ట్‌మెంటంతా గుసగుసలు. ఆయన మాత్రం ఉదయం నుంచి ముగ్గురి సెమినార్లు కళ్ళు మూసుకునే విన్నాడు.

అక్క మొదట్లో తడబడింది. నాలుగో స్లైడుకి కుదుటపడింది. తనని నేను అంతకుముందెప్పుడూ అలా చూడలేదు. చీర కొంగు సర్దుకోవడం కూడా మరిచిపోయి, అడవి మంటల గురించీ, పొగ గురించీ, మట్టికింద ఏళ్ళ తరబడి కాచుకుని ఉండే గింజల గురించీ చెబుతోంది. బావకి సగం అర్థం కాకపోయినా నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆఖరి స్లైడు నా ఫోటో. అక్క దాన్ని అలాగే తెర మీద ఉంచి, "ధన్యవాదాలు" అంది.

హెడ్డు ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాడు. బావ మోచేత్తో పొడిచాడు.

"నీ వంతు. లే, లే."

చేతిలో చీటీ ఉంది. అక్క గుండ్రటి అక్షరాలతో, 'ఈ చెట్టు గింజలనే ఎందుకు ఎంచుకున్నారు?' అని. చెయ్యెత్తి లేచాను. ఎదురుగా గోడంత ఫోటో. ఫోనులో గోరంత ఉన్న చీటీలు తెర మీద అరచేయంత ఉన్నాయి. పైన వరసగా ఎరుపు, కింద వరసగా తెలుపు. అది చూడగానే నా బుర్రలో ఒక ప్రశ్న పుట్టింది. మంచి ప్రశ్న. ముందు వరసలో ఆ పెద్దమనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ కళ్ళు తెరిపించాలని నాకు ఎంత దుగ్ధ పుట్టిందో ఇవాళ చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"పొగనీళ్ళ డిష్‌లన్నీ పై అరలో ఉన్నాయి, మంచినీళ్ళవన్నీ కింది అరలో ఉన్నాయి," అన్నాను. "మా ఛాంబర్‌లో పై అర రెండు డిగ్రీలు వేడి ఎక్కువ. మరి ఆ మొలకలు పొగ వల్ల వచ్చాయో, వేడి వల్ల వచ్చాయో ఎలా చెప్పగలరు?"

నిపుణుడు కళ్ళు తెరిచాడు. కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"మంచి ప్రశ్న. ఎవరమ్మా నువ్వు?"

ఏ సంవత్సరమో, ఎవరి దగ్గరో చెప్పాను. ఎవరి చెల్లెల్నో చెప్పలేదు. ఆయన అక్కవైపు తిరిగాడు.

"ఇవి ఇలా సర్దిందెవరు?"

అక్క తెరవైపు తిరిగి ఆ ఫోటోని చూసింది. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. మాకు వీపే కనబడుతోంది. తర్వాత ఇటు తిరిగింది. నిపుణుణ్ణి చూడలేదు, గైడుని చూడలేదు, హాలు దాటి వెనక వరసలో నన్ను చూసింది. రెండు మూడు క్షణాలు, అంతే.

"నేనేనండి," అంది.

"కలిపి పెట్టాలని తెలియదా?"

"తెలుసండి."

"మరి?"

నేను ఇంకా నిలబడే ఉన్నాను. హెడ్డు కూర్చోమంటే కూర్చున్నాను. బావ నా చెవిలో, "బాగా అడిగావు కదూ? ఆయన వెనక్కి తిరిగి మరీ చూశాడు," అన్నాడు సంతోషంగా.

అడిగే క్షణానికి ఆ డిష్‌లు సర్దింది నేనేనన్న సంగతి నాకు తోచలేదని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అందులో సగమే నిజం. "సర్దిందెవరు" అని ఆయన అడిగేసరికి నాకు అంతా తోచింది. నోట్లో నాలుక కూడా ఉంది. "నేనండి" అనడానికి ఒక్క మాట చాలు. కుక్కిన పేనులా కూర్చున్నాను.

మర్నాడు నోటీసు బోర్డు మీద కమిటీ నిర్ణయం వచ్చింది. పని సంతృప్తికరంగా లేదు, గడువు పెంచడం లేదు. విన్నపం ఏదైనా ఉంటే ఏడు రోజుల్లోగా పెట్టుకోవచ్చు. అక్క ఇంటిదగ్గరే ఉండిపోయింది. నామీద కోప్పడలేదు, ఏడవలేదు. వంట చేసింది, బావకి కాలికట్టు మార్చింది, కూతురి లెక్కలు చూసింది. రోజూ నేను సాయంత్రం చెప్పులు విప్పుతుంటే మాత్రం గుమ్మంలోకి వచ్చి అడిగేది.

"ఏమే, డిపార్ట్‌మెంట్‌లో ఏమైనా విశేషాలా?"

"ఏం లేవక్కా."

"ఏమీ లేవా?"

"లేవు."

"సరే, కాళ్ళు కడుక్కో," అని లోపలికి వెళ్ళిపోయేది. పాపం, ఆ చోటు మీద బెంగ పెట్టుకుందనుకున్నాను.

నాలుగోరోజు కామాల మేడమ్ నన్ను గదికి పిలిపించింది. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి నిపుణుడి ఉత్తరం, నా ఫైలు పంపించమని. రెండోది అక్క హాజరు పట్టీ.

"కూర్చో," అంది. "మీ అక్క ఇరవై రోజులు సెలవులో ఉంది. ఈ ప్రయోగం మొదలూ చివరా ఆ ఇరవై రోజుల్లోనే ఉన్నాయి. మరి డిష్‌లు ఎవరు చూశారు?"

మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"నేనేం ఉరితీయడానికి అడగడం లేదమ్మా. ఆవిడ చెప్పిన పద్ధతి వేరు, జరిగింది వేరు అని తేలితే ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టేయమని కమిటీని అడగచ్చు. సెలవు రోజులు కలిపి మూణ్ణెల్లు ఇప్పిస్తాను, మళ్ళీ పెట్టుకుంటుంది. చేసినవాళ్ళు ఒక కాగితం రాసివ్వాలి. వాళ్ళ ఫైల్లో ఒక మందలింపు పడుతుంది. అంతకుమించి ఏమీ కాదు."

మందలింపు పడేది ఫైల్లో. ఆ ఫైలు వెళ్ళేది నిపుణుడి దగ్గరికి. నా కళ్ళు మొదటి కాగితం మీదికే పోయాయి. మేడమ్ అది చూసిందో లేదో తెలియదు.

"అక్కే వచ్చేది మేడమ్," అన్నాను. "పొద్దున్నే వచ్చి, ఎవరూ రాకముందే చూసుకుని వెళ్ళిపోయేది."

"నిజమేనా?"

"నిజమే మేడమ్."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని, అక్క హాజరు పట్టీని సొరుగులో పెట్టేసింది. బయటికొచ్చాక నా మనసుకి ఒక సమాధానం చెప్పుకున్నాను. అక్క హాల్లో నేనే అంది కదా, నన్ను కాపాడాలనే అంది కదా, ఇప్పుడు నేను బయటపెడితే తన త్యాగం మంటగలిసినట్టే కదా, అని. ఎంత చక్కటి సమాధానమో. మూడురోజులపాటు దాన్ని పట్టుకునే తిన్నాను, పడుకున్నాను. తర్వాత ఆ పోస్టు నాకే వచ్చింది. ఇవాళ్టికీ ఆ సంస్థలోనే పనిచేస్తున్నాను.

విన్నపానికి ఆఖరిదైన ఏడోరోజు గడిచిపోయింది. ఎనిమిదోరోజు మధ్యాహ్నం అక్క, సామాను అప్పగించడానికి డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది. డిష్‌లు కడిగి, తుడిచి, అటెండరుకి లెక్క అప్పజెప్పాలి. సాయం చేస్తానని నేనూ వెళ్ళాను. లేబొరేటరీలో ఇంకెవరూ లేరు. అక్క సింకు దగ్గర నిలబడి డిష్‌లలో ఎండిపోయిన మొలకల్ని వేలితో గీకి, కడిగి నాకిస్తోంది. నేను గుడ్డతో తుడిచి పేరుస్తున్నాను. చిన్నప్పుడు ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే కడిగేవాళ్ళం, తను కడిగితే నేను తుడిచేదాన్ని.

ఇరవై డిష్‌లు తుడవడం అయింది. గడువు దాటిపోయింది, ఇంక ఏం మాట్లాడినా జరిగేదేమీ లేదు. ఆ ధైర్యంతోనే నోరు విప్పాను.

"ఆ రోజు నువ్వు నిజం చెప్పేయాల్సిందక్కా. నాకోసం ఎందుకు మీదేసుకున్నావు?"

అక్క కుళాయి కట్టేసింది.

"నీకోసం మీదేసుకున్నానా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను చెబితే అందరి ముందూ చెల్లెలి మీద నేరం మోపినట్టు అవుతుంది. నువ్వే చెబితే నిజాయితీగా ఒప్పుకున్నట్టు అవుతుంది. నువ్వు తేరుకుని చెప్పేలోపు కాస్త వ్యవధి ఉంటుందని అలా అన్నాను."

నేను తుడిచిన డిష్‌నే మళ్ళీ తుడిచాను.

"హాల్లో భయపడి ఉంటావులే, ఇంటికొచ్చి చెబుతావనుకున్నాను. తర్వాత మేడమ్‌కి చెబుతావనుకున్నాను. నిన్న సాయంత్రం ఐదింటిదాకా చూశానే." మళ్ళీ కుళాయి విప్పింది. "ఐదు దాటాక మీ బావ కాఫీ అడిగాడు. లేచి పెట్టాను."

ఇంకో డిష్ కడిగి నా వైపు చాపింది. అందుకోవడానికి చెయ్యి చాపాను గానీ తన మొహం వైపు చూడలేకపోయాను. అక్క కాసేపు పట్టుకుని చూసి, తన కొంగుతోనే తుడిచి బల్ల మీద పెట్టుకుంది. ఆ తర్వాతవన్నీ తనే తుడుచుకుంది.